సంతకం కంటే ముందు: కదల్లేని పెద్దవాళ్లకు వైద్యం చేయించడం, వాళ్ల ఒప్పుకోలు తీసుకోవడం ఎలా

మా పెద్దమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. మిగిలింది ఒక్కటే మాట, "సరే". నొప్పిగా ఉందా అంటే సరే. పడుకుంటావా అంటే సరే. మింగడం కష్టంగా ఉంది కాబట్టి పొట్టకు చిన్న రంధ్రం చేసి ట్యూబ్ వెయ్యాలని డాక్టర్ గారు నిలబడే చెప్పారు. "ఏమ్మా, వేద్దామా?" అన్నారు. "సరే" అంది. ఫారం నా చేతికిచ్చారు, సంతకం పెట్టేశాను. మర్నాడు మెలకువ వచ్చాక ఎడమ చేత్తో పొట్ట తడుముకుంది. ట్యూబ్ తగిలింది. నా మొహం వంక చూసింది. నొప్పి కాదు ఆ చూపులో ఉన్నది, ఇదేంటి అని అడుగుతోంది.

రెండు రోజుల తర్వాత స్పీచ్ థెరపిస్ట్ వచ్చింది. "అమ్మా, మీ పేరు సుబ్బారావా?" అని అడిగింది. "సరే" అంది పెద్దమ్మ, అంతే మర్యాదగా. అప్పుడు గాని నా బుర్రకెక్కలేదు. మెదడులో మాటలకు సంబంధించిన భాగం దెబ్బతింటే ఒకటి రెండు మాటలే మిగిలిపోయి, ఏం అడిగినా అవే బయటికి వస్తుంటాయి. మనసులో ఉన్నది వేరు, నోటికి వచ్చేది వేరు.

ట్యూబ్ వెయ్యడం తప్పని కాదు, అది అవసరమే. కానీ ఆమె ఒంటికి ఏం చేస్తున్నారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు ఆమెతో ఆస్పత్రుల చుట్టూ తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఉన్నది వినికిడి లోపం కావచ్చు, చూపు లేకపోవడం కావచ్చు, మతిమరుపు జబ్బు కావచ్చు. చెయ్యాల్సిన పని చాలావరకు ఒకటే.

ముందు ఒక కాగితం రాయండి

డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి రెండు రోజుల ముందే రాయండి. బయల్దేరే పొద్దున రాస్తే సగం మర్చిపోతారు. ఒకే పేజీలో పట్టాలి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి.

వాడుతున్న మందులన్నీ, ఎంత డోసు, రోజుకు ఎన్నిసార్లు అనేది రాయండి. చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు, నాటు మందులు కూడా. వాటిని సిగ్గుపడి దాచేవాళ్లు చాలామంది, అసలు గొడవంతా వాటితోనే వస్తుంది. రక్తం పలచబడే మందు వాడుతుంటే దాని కింద గీత గీయండి. ఆపరేషన్ ఉందని దాన్ని మీ అంతట మీరు ఆపకండి, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. ఏ మందు పడదో రాయండి. పేస్‌మేకర్ లాంటిది ఒంట్లో ఉంటే ఎమ్మారై స్కాన్ మాట రాకముందే చెప్పాలి కాబట్టి అదీ రాయండి. డయాలసిస్ కోసం ఒక చేతికి ఫిస్టులా (రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషన్) చేసి ఉంటే, "ఈ చేతికి బీపీ చూడొద్దు, రక్తం తియ్యొద్దు" అని రాయండి. నర్సులు మారుతుంటారు, కాగితం మారదు.

రెండో భాగం చాలామంది రాయరు, కానీ దాని వల్లే ఎక్కువ లాభం. ఈ మనిషి మామూలుగా ఎలా ఉంటారు? పట్టుకుంటే నాలుగడుగులు వేస్తారా, అసలు లేవలేరా? మనుషుల్ని గుర్తుపడతారా? నొప్పి వస్తే ఎలా తెలుస్తుంది? మా కాగితంలో "నొప్పి ఉంటే కనుబొమలు ముడిచి, ఎడమ చేత్తో దుప్పటి నలుపుతుంది. 'సరే' అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి" అని ఉండేది. ఆ చివరి వాక్యం చూసి నవ్విన డాక్టర్లూ ఉన్నారు, కానీ చదివారు.

మూడోది ప్రశ్నలు. మూడు చాలు. ఆ మూడింట్లో కనీసం ఒకటి పెద్దవాళ్లది కావాలి. "డాక్టర్ని ఏం అడగాలి?" అని వాళ్లనే అడగండి. మీకు షుగర్ రిపోర్ట్ గురించి టెన్షన్ ఉంటుంది. వాళ్లకు రాత్రిళ్లు మూత్రానికి ఎవర్ని లేపాలా అన్నదే పెద్ద బాధగా ఉండొచ్చు.

అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడే ఉన్నది చెప్పండి

"పేషెంట్ వీల్‌చైర్‌లో వస్తారు, తనంతట తాను మంచం ఎక్కలేరు" అని ఫోన్‌లోనే చెప్పేయండి. ర్యాంప్ ఉందా, లిఫ్ట్‌లో వీల్‌చైర్ పడుతుందా, పరీక్ష చేసే మంచం ఎత్తు తగ్గించొచ్చా, వీల్‌చైర్ వెళ్లే బాత్రూమ్ ఎక్కడుంది అని అడగండి. మొహమాటపడకండి. ఇవి అడక్కుండా వెళ్లి, రెండో అంతస్తులో గది, లిఫ్ట్ పనిచెయ్యట్లేదు అన్న మాట విన్న రోజు ఒకటుంది మాకు. ఇంటికి తిరిగొచ్చాం.

వీలైతే పొద్దుటి టైమ్ అడగండి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి సాయంత్రం అయ్యేకొద్దీ తికమక, కంగారు పెరుగుతాయి. ముఖ్యమైన నిర్ణయం మాట్లాడాలంటే కొంచెం ఎక్కువసేపు కావాలని కూడా ముందే చెప్పండి. రిపోర్టులు చూపించడం, మందులు మార్చడం లాంటివి వీడియో కాల్‌లో అయిపోతాయేమో కనుక్కోండి. ప్రతిదానికీ మనిషిని మోసుకుపోవాల్సిన పని లేదు.

సైగల భాష వాడే పెద్దవాళ్లయితే దుబాసీ కావాలని ఇప్పుడే అడగాలి. "నేను చెప్తాలే" అని మీరు కూర్చోకండి. ఇంట్లోవాళ్లు చెడ్డ వార్తను మెత్తగా చేసి చెప్తారు, కొంత మింగేస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ అవతలివాళ్లకు అందేది సగం సమాచారమే.

కుర్చీలోకి ఎక్కించేటప్పుడు

దీన్ని ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఒక్కసారి చూసి నేర్చుకోండి. చదివితే వచ్చే విద్య కాదు. అయినా మూడు మాటలు చెప్తాను.

పడుకున్న మనిషిని ఒక్కసారిగా నిలబెట్టకండి. లేపి కూర్చోబెట్టి, రెండు మూడు నిమిషాలు ఆగండి. ఉన్నట్టుండి లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. వీల్‌చైర్‌ను బలంగా ఉన్న వైపు పెట్టి, చక్రాల లాక్ వెయ్యండి. లాక్ పడిందో లేదో చేత్తో కదిపి చూడండి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని మాత్రం లాగకండి. అక్కడ కండరాలకు పట్టు ఉండదు, భుజం కీలు జారే ప్రమాదం ఉంది. ఆ నొప్పి నెలల తరబడి పోదు. నడుముకు బెల్టు కట్టి దాన్ని పట్టుకుని లేపాలి.

ఆస్పత్రిలో ఎదురుచూపులు గంటల్లోకి వెళ్తాయి. ఒకే చోట కూర్చుంటే పిర్రల దగ్గర, తోక ఎముక దగ్గర చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. అరగంటకోసారైనా కొంచెం పక్కకు ఒరిగించి బరువు మార్చండి. మెత్త తీసుకెళ్లండి. మార్చడానికి ఒక జత బట్టలు, డైపర్లు, వినికిడి మిషన్‌కు కొత్త బ్యాటరీలు, కళ్లజోడు కూడా సంచిలో ఉండాలి. కళ్లజోడు, వినికిడి మిషన్ "పోతాయేమో" అని ఇంట్లో దాచి వెళ్లేవాళ్లను చూశాను. అవి లేకుండా ఆ మనిషి ఒప్పుకోలుకు అర్థమే లేదు.

డాక్టర్ గదిలో మీరు ఎక్కడ కూర్చుంటారు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. డాక్టర్‌కు ఎదురుగా మీరు కూర్చుంటే ఆయన మీతోనే మాట్లాడతారు. పెద్దవాళ్లు పక్కన సామానులా ఉండిపోతారు. వీల్‌చైర్‌ను డాక్టర్‌కు ఎదురుగా పెట్టి, మీరు అర అడుగు వెనక్కి పక్కన కూర్చోండి. "ఈమెకు ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని మిమ్మల్ని అడిగితే, "పెద్దమ్మా, డాక్టర్ గారు ఎన్నాళ్ల నుంచి అని అడుగుతున్నారు" అని అటు తిప్పండి. రెండుసార్లు అలా చేస్తే మూడోసారి డాక్టరే అటు తిరుగుతారు. మా అనుభవంలో తిరగని డాక్టర్ ఒక్కరే.

చెవి సరిగా వినపడని వాళ్లతో అరవకండి. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి, పై స్థాయి శబ్దాలు. అరిస్తే గొంతు సన్నబడి ఇంకా పాడవుతుంది. ఎదురుగా, వెలుతురు మీ మొహం మీద పడేలా కూర్చుని, కొంచెం బొంగురు గొంతుతో నిదానంగా చెప్పండి. పెదాలు చూసి అర్థం చేసుకునేవాళ్లు ఉంటారు కాబట్టి మాస్క్ పెట్టుకున్నవాళ్లు చెప్పింది మీరు మళ్లీ చెప్పాలి. చెవిలో గుమిలి నిండి వినపడకపోవడం కూడా బాగా ఎక్కువ. పెద్ద నిర్ణయానికి ముందు చెవులు చూపిస్తే పోయేదేం లేదు.

పెద్దవాళ్లను కాసేపు డాక్టర్‌తో ఒంటరిగా వదిలి బయటికి రండి. మన ముందు చెప్పలేనివి వాళ్లకు ఉంటాయి. మన మీదే ఫిర్యాదు ఉండొచ్చు, ఉండనివ్వండి.

ఒప్పుకోలు అంటే ఐదు విషయాలు తెలిశాక అన్న మాట

జబ్బు ఏమిటి, ఇప్పుడు ఏం చేస్తారు, దాని వల్ల లాభం ఎంత నష్టం ఎంత, వేరే దారి ఏముంది, ఏమీ చెయ్యకపోతే ఏమవుతుంది. ఈ ఐదూ చెప్పకుండా తీసుకున్న సంతకం కాగితం మీది సిరా మాత్రమే. డాక్టర్లు మొదటి మూడూ చెప్తారు. చివరి రెండూ మీరు అడగాలి, అదీ పెద్దవాళ్లు వినేలా.

2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో ఈ సంగతి ఉంది. అందరికీ చేసినంత నాణ్యమైన వైద్యమే వీళ్లకూ చెయ్యాలి, అది వాళ్లకు తెలియజెప్పి, వాళ్లు స్వేచ్ఛగా ఒప్పుకున్నాకే చెయ్యాలి అని 25వ అధికరణం చెప్తుంది. నిర్ణయం తీసుకోవడానికి సాయం కావాలంటే ఆ సాయం అందేలా చూడాలంటుంది 12వది. అంటే మనం చెయ్యాల్సింది సాయం, వాళ్ల బదులు నిర్ణయం కాదు. ఈ తేడా నాకు ట్యూబ్ వేసిన రోజు తెలియదు.

ఇక ఎలా చెప్పాలి? ఒకసారికి ఒక్క విషయమే. "ఎండోస్కోపీ" అనకుండా "నోట్లోంచి సన్నటి పైపు పంపి కడుపులోపల కెమెరాతో చూస్తారు" అనండి. బొమ్మ గీయండి, చక్కగా రాకపోయినా ఫర్వాలేదు. వాళ్ల ఒంటి మీద చేత్తో చూపించండి. "నూటికి ఐదు శాతం రిస్క్" అంటే ఎవరికీ తలకెక్కదు. "ఇలాంటివాళ్లు వందమంది చేయించుకుంటే ఐదుగురికి ఇబ్బంది అవుతుంది" అంటే ఎక్కుతుంది. చెప్పాక ఆగండి. మాట కష్టమైనవాళ్లకు జవాబు వెతుక్కోవడానికి టైమ్ పడుతుంది. పది సెకన్ల నిశ్శబ్దం మనకు యుగంలా అనిపించి మనమే జవాబు చెప్పేస్తాం.

అర్థమైందా అని అడగకండి. ఎవర్నడిగినా అర్థమైందనే అంటారు. "ఇప్పుడు డాక్టర్ గారు ఏం చేస్తామన్నారో నాకు చెప్పు, నేను ఇంటికెళ్లి అందరికీ చెప్పాలి" అని అడగండి. పరీక్ష పెట్టినట్టు ఉండదు, తెలిసిందీ లేనిదీ బయటపడుతుంది. మాట లేనివాళ్లకయితే అవును, కాదులకు రెండు గుర్తులు ఖాయం చేసుకోండి. మాకు బొటనవేలు పైకెత్తితే అవును, అరచెయ్యి చూపిస్తే కాదు. ముందు జవాబు తెలిసిన ప్రశ్నలతో ఆ గుర్తులు సరిగా పనిచేస్తున్నాయో చూడండి. ఆ తర్వాత అసలు ప్రశ్నను రెండువైపులా అడగండి. "ఆపరేషన్ చేయించుకుంటావా?" అన్నదానికి బొటనవేలు ఎత్తితే, కాసేపాగి "ఆపరేషన్ వద్దు, మందులతో చూద్దామా?" అనండి. దానికీ బొటనవేలు ఎత్తితే ఇంకా అర్థం కాలేదన్నమాట. మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. విసుగు పుడుతుంది. నాకూ పుట్టింది.

"ఈయనకు ఏం తెలుస్తుందిలే" అనిపించినప్పుడు

జబ్బు పేరు చూసి నిర్ణయించకండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005లో చేసిన మెంటల్ కెపాసిటీ చట్టం నాలుగు విషయాలు చూడమంటుంది. చెప్పింది అర్థం చేసుకోగలరా, నిర్ణయం చెప్పేంతసేపైనా గుర్తుపెట్టుకోగలరా, మంచిచెడ్డలు తూచగలరా, ఏదో ఒక విధంగా తమ నిర్ణయాన్ని తెలపగలరా. మీరు ఏ దేశంలో ఉన్నా ఇవి పట్టుకుని చూడొచ్చు. ఈ నాలుగూ ఈ ఒక్క నిర్ణయానికి, ఈ ఒక్క సమయానికే. బ్యాంకు లెక్కలు చూసుకోలేని మనిషి కూడా కంటి ఆపరేషన్ కావాలో వద్దో చక్కగా చెప్పగలరు.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి ఏదేదో మాట్లాడుతున్నా, పగలంతా మగతగా ఉన్నా అది "వయసు మీద పడింది" కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్త మందు, ఓర్చుకోలేని నొప్పి, వీటిలో ఏదైనా అలా చేస్తుంది. వెంటనే డాక్టర్‌కు చెప్పండి. కారణం పోతే చాలామందికి తెలివి మళ్లీ వస్తుంది. తొందరలేని ఆపరేషన్ అయితే అప్పటిదాకా ఒప్పుకోలు అడగకుండా ఆగమనండి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక ఫారం పట్టుకొస్తే కూడా అదే మాట చెప్పండి.

నిజంగానే నిర్ణయించుకునే స్థితి లేకపోతే? బాగున్న రోజుల్లో తన తరఫున మాట్లాడటానికి ఎవరినైనా రాసిపెట్టారేమో, ఏ వైద్యం వద్దో రాశారేమో చూడండి. లేకపోతే ఎవరు సంతకం పెట్టాలన్నది మీరున్న చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. పెద్దకొడుకు అయినంత మాత్రాన హక్కు వచ్చేస్తుందని అనుకోకండి, ఆస్పత్రిలో ఎవరికి ఆ అధికారం ఉందో అడగండి. అధికారం మీదే అయినా, అడగాల్సిన ప్రశ్న "నాకు ఏది మంచిదనిపిస్తోంది" కాదు, "మాట ఉంటే ఈ మనిషి ఏం అనేవారు" అని. ప్రాణం మీదికి వచ్చి, మనిషి చెప్పలేని స్థితిలో ఉంటే, ముందే వద్దని రాసి ఉంటే తప్ప డాక్టర్లు సంతకం కోసం ఆగరు, ఆగకూడదు కూడా.

వద్దంటే

అన్నీ అర్థమయ్యాక కూడా వద్దనొచ్చు. అది మనకు తెలివితక్కువగా కనిపించినంత మాత్రాన వాళ్లకు తెలివి లేదని కాదు. చుట్టాలందరినీ పిలిచి చుట్టూ కూర్చోబెట్టి ఒప్పించడం మానండి. ఆ ఒప్పుకోలు వాళ్లది కాదు. ఎందుకు వద్దో కనుక్కోండి. చాలాసార్లు భయం వేరే దానిమీద ఉంటుంది.

పెద్దమ్మకు రెండేళ్ల తర్వాత పిత్తాశయంలో రాళ్లు తేలాయి. ఆపరేషన్ అన్నారు. బొమ్మ గీసి చూపించాను. అరచెయ్యి చూపించింది. మర్నాడూ అదే. మూడో రోజు ఆమే నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పాత ట్యూబ్ మచ్చ దగ్గర పెట్టి, అరచెయ్యి ఊపింది. ఆమె వద్దంటున్నది ఆపరేషన్‌ను కాదు, మళ్లీ ట్యూబ్‌ను. మత్తు డాక్టర్ మంచం పక్కన కూర్చుని, ఈసారి ట్యూబ్ ఉండదని, నోటితోనే తినొచ్చని రెండుసార్లు చెప్పారు. నేను రెండువైపులా అడిగాను. రెండుసార్లూ జవాబు ఒకటే వచ్చింది, బొటనవేలు ఆపరేషన్‌కు, అరచెయ్యి మందులకు.

సంతకం దగ్గర

చూపు లేనివాళ్లకు ఫారం మొత్తం చదివి వినిపించాలి, "ఇక్కడ పెట్టండి" అని వేలు పట్టుకుంటే సరిపోదు. ఖాళీలు వదిలిన ఫారం మీద సంతకం వద్దు. ఒప్పుకున్న పని పేరు, ఏ వైపు అన్నది అందులో రాసి ఉందా చూడండి. స్కానింగ్‌కు ఒప్పుకుంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు. పెట్టాక కూడా మనసు మారితే చెప్పొచ్చని వాళ్లకు చెప్పండి. వేలిముద్ర అయితే, ఆ వైద్యం చేసే బృందంలో లేని మనిషి సాక్షిగా ఉంటే మంచిది. ఫారం ఏ భాషలో చదివి వినిపించారో, ఎవరు వినిపించారో, పేషెంట్ ఏ గుర్తుతో ఒప్పుకున్నారో కింద రాయించండి. ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

పెద్దమ్మ వేలిముద్ర వెయ్యనంది. పెన్ను అడిగింది. ఎడమ చేత్తో అడ్డంగా ఒక వంకర గీత గీసి, చివర్లో చుక్క పెట్టింది. కౌంటర్‌లో అబ్బాయి పాత కాగితం తీసి పక్కన పెట్టుకుని, "ఇది పాత సంతకంతో కలవట్లేదండీ, మీరు పెట్టేయండి" అన్నాడు. మీకూ ఇలాగే అంటారు. అప్పుడు "కుడి చెయ్యి పడిపోయింది కాబట్టి ఎడమ చేత్తో పెట్టారు, నా సమక్షంలో" అని గీత కింద ఒక ముక్క రాసి, తేదీ, టైమ్ వేసి, అక్కడున్న నర్సు చేత సాక్షి సంతకం చేయించండి. మేం అదే చేశాం. ఆ అబ్బాయి ఫారం లోపలికి పట్టుకెళ్లి పది నిమిషాలకు వచ్చి, ఫైల్లో పెట్టుకున్నాడు.